తేటగా పడిన వేలిముద్ర

మొన్నామధ్య మా పాత బ్యాంకులో కుర్ర ఆఫీసర్లకి మోసాల గురించి ఒక క్లాసు పెట్టి, రిటైరైన పెద్దవాళ్లెవరైనా ఉంటే బాగుంటుందని నన్నూ పిలిచారు. ఫోనులో తియ్యగా మాట్లాడి ఖాతా ఖాళీ చేసేవాళ్ల గురించి తెర మీద బొమ్మలు చూపించారు. చివర్లో నా చేతికి మైకిచ్చి, మీ సర్వీసులో మీరు పట్టుకున్న కేసు ఒకటి చెప్పండి సార్ అన్నారు. ఏదో రెండు ముక్కలు చెప్పి, పెట్టిన బిస్కెట్లు తిని వచ్చేశాను. పట్టుకున్న కేసు ఉంటే కదా చెప్పడానికి. నాకున్నదల్లా చేతులారా వదిలేసిన కేసు ఒక్కటి. అది వాళ్ల మొహాల ముందు చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. చదివిన కుర్రవాళ్లకి ఏమైనా ఉపయోగపడితే మంచిదే. నాకు మాత్రం ఇన్నేళ్లయినా దీంట్లోంచి ఊరట ఏమీ దొరకలేదు.

అరవైల్లో మాట. బందరు బ్రాంచిలో సేవింగ్స్ కౌంటరు మీద గుమాస్తాగా పనిచేస్తున్నాను. మాది దివిసీమ. మా నాన్న మిషన్ బడిలో పంతులు. మా పేటలో బ్యాంకు ఉద్యోగం వచ్చిన మొదటివాణ్ని నేనే. చేరడానికి వెళ్తున్న రోజున నన్ను బస్సెక్కిస్తూ మా నాన్న రెండే మాటలు చెప్పాడు. అబద్ధమాడకు, ఒకరి సొమ్ము ముట్టకు అని. రెండోది నిలబెట్టుకున్నాను.

బందరులో ఘోషా పాటించే ఆడవాళ్లు బ్యాంకుకి రావడానికి ఒక పద్ధతి ఉండేది. జట్కాకి ముందూ వెనకా దుప్పట్లు కట్టించుకుని వచ్చి, బ్యాంకు మెట్ల పక్కన ఆపించేవారు. బండివాడు దిగి దూరంగా పోయి బీడీ ముట్టించేవాడు. బంట్రోతు వచ్చి చెప్పగానే నేను ఫారమూ, ఇంకు ప్యాడూ పట్టుకుని బయటికి వెళ్లాలి. తెర కిందనుంచి ముందు పాస్ బుక్ వచ్చేది. ఆ తర్వాత చెయ్యి, అదైనా బొటనవేలు మేరకే. నేను మొహం పక్కకి తిప్పుకుని అట్ట మీద ఫారం పట్టుకుంటే ముద్ర పడేది. దాని కింద ‘ఈమెను నేనెరుగుదును’ అని రాసి సంతకం పెట్టేవాణ్ని. ఆ సంతకం చూసి ఏజెంటుగారు, అంటే ఇప్పుడు మీరు మేనేజరంటున్నాయన, డబ్బివ్వమని రాసేవారు.

రూలు ప్రకారం మనిషిని చూడాలి. చూడాలని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడిగిన గుమాస్తా మర్నాడు ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. మొహం తిప్పుకోవడమే మర్యాద, ఆ మర్యాదలో నాకు మంచి పేరుండేది. దివిసీమ కుర్రాడు పద్ధతైనవాడని ఆ ఘోషా ఆడవాళ్లు అనుకునేవారట. ఆ పేరు విని నేను పొంగిపోయేవాణ్ని కూడా.

అలా వచ్చేవాళ్లలో ఒక పెద్దావిడ ఉండేది. అందరం బీబీగారనేవాళ్లం. భర్త అచ్చుల అద్దకం పనివాడు, ఆయన పోయాక కూడా ఆవిడ ఇంటి పెరట్లోనే గుడ్డలు ఉడకబెట్టడం, కరక్కాయ నీళ్లలో ముంచడం, రంగులు నింపడం మానలేదు. ఆ పొయ్యి పొగకి గొంతు బొంగురుపోయింది. పటికకీ రంగులకీ వేళ్ల చర్మం పగిలి, గీతలన్నీ అరిగిపోయాయి. ఆవిడ వేలిముద్ర ఎన్నిసార్లు వేయించినా కాగితం మీద మసి మరకే పడేది. ఖాతా తెరిచినప్పుడు కార్డు మీద తీసుకున్న నమూనా కూడా మరకే. మరకని మరకతో పోల్చి ఒప్పుకోవడం నా పని. పోల్చేదేముంది, ఆ గొంతు నాకు తెలుసు. తెర వెనకనుంచి "బాగున్నావా నాయనా" అని వినపడితే చాలు.

ఆవిడ డబ్బు తియ్యడానికి వచ్చేది చాలా తక్కువ, వెయ్యడానికే వచ్చేది. అదంతా మక్కాకి వెళ్లడానికి. బొంబాయినుంచి ఓడ ఎక్కాలి, దరఖాస్తు పెట్టుకుని వంతు కోసం చూడాలి. గుడివాడలో దర్జీ పనిచేసుకునే తమ్ముడు తోడు రావడానికి ఒప్పుకున్నాడు, ఆయన డబ్బు ఆయన సమకూర్చుకుంటున్నాడు. ఈవిడ డబ్బు ఈవిడే కూడబెట్టుకోవాలి. కొడుకునడిగి తెచ్చిన డబ్బుతో వెళ్లకూడదని ఆవిడ పట్టుదల. భర్త పోయిన ఏడాది మొదలుపెట్టిందట. నేను చూస్తుండగానే ఎనిమిదేళ్లు గడిచాయి. రెండు మూడు నెలలకోసారి జట్కా వచ్చేది, నాలుగు నోట్లు తెర కిందనుంచి బయటికొచ్చేవి. నేను పాస్ బుక్ రాసి, ఇప్పటికి ఇంతయిందండీ, ఇంకా ఇంత కావాలండీ అని చెప్పేవాణ్ని. ఆవిడ ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు వినేది.

ఒక సోమవారం బంట్రోతు వచ్చి బీబీగారి బండి వచ్చిందన్నాడు. వెళ్లాను. పాస్ బుక్ బయటికొచ్చింది, డబ్బు తియ్యాలని లోపలినుంచి మాట వినపడింది. నాకు ఒక్కసారిగా సంతోషం వేసింది. "వంతొచ్చిందాండీ?" అన్నాను. "ఆఁ, వచ్చిందండీ" అని జవాబొచ్చింది. గొంతు ఆ రోజు తేలిగ్గా ఉంది. పొయ్యి దగ్గర పని మానేసినట్టున్నారు, ప్రయాణం కదా అనుకున్నాను. అంత పెద్ద మొత్తం తియ్యాలంటే వారం ముందు నోటీసివ్వాలి కాబట్టి ఫారం పట్టుకున్నాను. ముద్ర పడింది. "ఎండగా ఉందండీ, కాస్త తొందరగా కానివ్వండి" అని కూడా వినపడింది. లోపలికొచ్చాక చూసుకుంటే ముద్ర ఎంత తేటగా ఉందో! గీత గీతా లెక్కపెట్టచ్చు. ఇన్నాళ్లకి బీబీగారి వేలిముద్ర సరిగ్గా వేయించానని మురిసిపోయాను.

కుర్రవాళ్లకి ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తాను. ప్రశ్నలో జవాబు పెట్టి అడగకండి. ఎందుకు తీస్తున్నారండీ అని అడిగి ఊరుకుంటే ఏం చెప్పేదో నాకు తెలియదు. వంతొచ్చిందా అని నేనే అందించాను.

మా క్యాషియరుగారు బందరులో పుట్టి పెరిగిన మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు. ఆయన్ని బ్రాంచంతా మావయ్యగారని పిలిచేది. నోటీసు ఫారం ఆయన బల్ల మీదికి వెళ్లినప్పుడు కళ్లజోడు సర్దుకుని ఒకసారి చూశాడు.

"ఏరా అబ్బాయ్, రంగులద్దే చెయ్యి ఇంత తేటగా పడిందేంట్రా?"

"బాగా కడుక్కుని వచ్చుంటారు లెండి మావయ్యగారూ."

"కడుక్కుంటే అరిగిపోయిన గీతలు మొలుస్తాయేంట్రా? వారం టైముంది కదా. ఇల్లు ఈ వీధి చివరే. సాయంత్రం ఓసారి వెళ్లి గుమ్మం బయటే నిలబడి కనుక్కునిరా."

వెళ్తానన్నాను. ఆయన చెప్పింది నాకు అర్థం కాక కాదు. అర్థమైంది కాబట్టే కాస్త రోషం కూడా వచ్చింది. ఎనిమిదేళ్లుగా బీబీగారి ముద్రలు చూస్తున్నది నేను, నాకు తెలియదా అనుకున్నాను. మంగళవారం వాన. బుధవారం లెడ్జర్లు సరిపోక చీకటిపడింది. శనివారం మధ్యాహ్నం మా ఊరి చర్చిలో కోతల పండగ. సంఘానికంతా పిండివంటలు, పాటలు, వేలంపాటలో గుమ్మడికాయలు. సంచీ పట్టుకుని పులిగడ్డ మీదుగా వెళ్లే బస్సెక్కేశాను. వెళ్లేటప్పుడు ఆ వీధి చివరి మలుపు మీదుగానే వెళ్లాను. బస్సు తప్పిపోతుందేమోనని ఆగలేదు.

తర్వాత సోమవారం జట్కా వచ్చింది. మళ్లీ తేలికైన గొంతు, తేటైన ముద్ర. ‘ఈమెను నేనెరుగుదును’ అని రాశాను. ఖాతా మూతపడకుండా అయిదు రూపాయలుంచి మిగతాదంతా ఇచ్చేశాం. క్షేమంగా వెళ్లిరండని తెరకి చెప్పి దణ్ణం కూడా పెట్టాను.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు ఎండ బాగా ఎక్కాక బండి వచ్చింది. తెర కిందనుంచి వచ్చిన చేతి గోళ్ల చుట్టూ నల్లరంగు పట్టి ఉంది. "నాయనా, వంతొచ్చింది. తమ్ముడు ఉత్తరం రాశాడు" అంది బొంగురు గొంతు. అంత ఆనందం నేను ఏ మనిషి గొంతులోనూ వినలేదు. చేతిలో పాస్ బుక్ తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడకి చదువు రాదు, అందులో చివరి గీటు కింద అయిదు రూపాయలే ఉన్నాయని తెలియదు. ట్రంకు పెట్టెలోంచి తీసుకుని వచ్చేసింది. రేపు రండి, ఏజెంటుగారు లేరు అని చెప్పాను. ఆయన లోపలే ఉన్నారు.

ఏజెంటుగారు అంతా విని తలుపు వేయించారు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆడవాళ్లని బయట బండిలోనే ఉండనివ్వండని మాకు చెప్పింది ఆయనే. నువ్వు ఎరుగుదునని రాశావు, ఎరక్కుండా రాశావంటే సొమ్ము నీ దగ్గర వసూలు చేసి ఇంటికి పంపిస్తారు, నన్నూ వదలరు అన్నారు. మొహం చూశావని నేను రాయమనడం లేదు, గొంతు గుర్తుపట్టానని రాయి, అది రోజూ మనం చేస్తున్నదే కదా అన్నారు. పోలీసులదాకా వద్దు, హెడ్డాఫీసు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసుకుంటారు అన్నారు. నా జీతం మీద ఇంట్లో ఆరుగురం బతుకుతున్నాం. రాసి ఇచ్చాను. అప్పటికి అది పూర్తి అబద్ధం కూడా కాదని నాకు నేను చెప్పుకున్నాను. గొంతు గుర్తుపట్టాననే అనుకున్నాను కదా ఆ రోజు!

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ముద్రలన్నీ భూతద్దం పెట్టి చూశారు. పాతవన్నీ మరకలే కాబట్టి కొత్తది ఆవిడది కాదని చెప్పడానికి కుదరదు, అవునని చెప్పడానికీ కుదరదు అన్నారు. బీబీగారిని పిలిపించారు. వరండాలో కుర్చీ వేసుకుని ఆయనా, పక్కన ఏజెంటుగారూ కూర్చున్నారు. నేను మెట్ల మీద నిలబడ్డాను. మావయ్యగారు క్యాషు గది కటకటాల వెనకనుంచి చూస్తున్నాడు.

ఆ రోజు బండిలో బీబీగారు ఒక్కరే రాలేదు. ఖాతాలో డబ్బు లేదని తెలిసినప్పటినుంచి నాలుగు రోజులుగా తిండి ముట్టక నీరసపడిపోయిందని కోడలు తోడొచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు మొదలుపెట్టబోతుంటే తెర వెనకనుంచి ఆ కోడలు అంది:

"అత్తయ్యగారికి ఒంట్లో బాగోలేదండీ. కాస్త తొందరగా కానివ్వండి."

అదే గొంతు. అదే తేలిక, ఆ చివరి మాటలు కూడా అవే. అనుమానం కాదు, ఊహ కాదు. బండిలో అత్తగారి పక్కనే కూర్చుని ఉంది ఆ రోజు నేను దణ్ణం పెట్టిన మనిషి. ట్రంకు పెట్టె తాళం ఎవరికి అందుతుందో, అత్తగారి బురఖా ఎవరు తొడుక్కోగలరో అంతా ఒక్క క్షణంలో తెలిసిపోయింది. నేనొక్క మాట అని, ఆ అమ్మాయి వేలు ఒక్కసారి ప్యాడు మీద పెట్టిస్తే చాలు. ఆ తేట ముద్రని ఎవరి ముద్రతో పోల్చాలో చెప్పగలిగింది ఆ వరండాలో నేనొక్కడినే.

బీబీగారు తన మాట చెప్పుకుంది. నేను రాలేదయ్యా, తియ్యలేదు, నాకు వంతొచ్చిందే మొన్న, అంతకుముందు తియ్యాల్సిన పనేముంది అంది. ఇన్‌స్పెక్టరుగారు సాక్ష్యం ఏమిటని అడిగారు. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"సాక్ష్యం ఆ బాబే. నా గొంతు ఆయనకి తెలుసు. ఎనిమిదేళ్ల నుంచి తెలుసు. ఆయన్నే అడగండి."

ఆయన నావైపు తిరిగి, ఆ రోజు బండిలోంచి మాట్లాడింది ఈవిడేనా అన్నారు. ఏజెంటుగారు నావైపు చూడలేదు, తన చెప్పుల వైపు చూసుకున్నారు. నేను ఆలోచించడానికి చాలా సమయం తీసుకున్నాననిపించింది. తర్వాత మావయ్యగారు చెప్పాడు, వెంటనే అనేశావురా అని.

"అవునండీ, ఈవిడే" అన్నాను.

గుర్రం ఈగల్ని తోలుకుంటోంది. ఆ తర్వాత బీబీగారు అడిగింది. కోపంగా అడిగుంటే నేను ఈపాటికి మర్చిపోయి ఉండేవాణ్నేమో. కోపం లేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది:

"నేనేనంటావా నాయనా?"

ఇన్‌స్పెక్టరుగారు కాగితాలు మడిచేశారు. డబ్బు ఖాతాదారు స్వయంగా తీసుకున్నట్టు తేలిందని రాశారు. నెల తిరక్కుండా నాకు హెడ్డాఫీసునుంచి ఒక ఉత్తరం కూడా వచ్చింది, ఖాతాదారుల్ని గొంతుని బట్టి గుర్తుపట్టగల శ్రద్ధ మెచ్చుకోదగ్గదని. దాంతోపాటే గుడివాడ బదిలీ. ఉత్తరం చింపెయ్యాలనుకున్నాను గాని ప్రమోషనుకి పనికొస్తుందని చింపలేదు. పనికొచ్చింది కూడా.

బదిలీ మీద వెళ్లే రోజు మావయ్యగారి దగ్గర సెలవు తీసుకోబోయాను. ఆయనకీ అనుమానం ఉంది, ఆయనా నోరెత్తలేదు. నోట్ల కట్టకి దారం చుడుతూ అన్నాడు. "నీకు పిల్లలున్నార్రా. నాకు నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఇద్దరికీ కారణాలున్నాయి. అబద్ధమాడడానికి కారణం లేనిది ఆవిడకొక్కదానికే."

ఆ ఏడు గుడివాడ దర్జీ ఒక్కడే ఓడెక్కాడు. ఆయన కొట్టు మా బ్రాంచికి వెళ్లే దారిలోనే. నేను చుట్టు తిరిగి వేరే వీధిలోంచి వెళ్లేవాణ్ని.

ఆరేళ్లకి మళ్లీ బందరు వేశారు, ఈసారి అకౌంటెంటుగా. అప్పటికి నా ఉద్యోగం గట్టిపడింది, పాత కేసు తిరగదోడి నన్ను తీసేసేవాళ్లు ఎవరూ లేరు. ఇక చెప్పెయ్యాలనుకున్నాను. చెప్తే డబ్బు రాకపోయినా నిజం తెలుస్తుంది కదా అని. ఏమని మొదలుపెట్టాలో గుడివాడనుంచి బస్సులో వస్తూ పామర్రు దాకా నాలో నేనే అనుకుంటూ వచ్చాను. మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఆ వీధి చివరికి నడిచి వెళ్లాను. వాచీ చూసుకున్నాను. బ్యాంకునుంచి ఆరు నిమిషాలు పట్టింది.

ఇల్లు అలాగే ఉంది. పక్కనే కొడుకు సైకిలు షాపుకి కొత్త రేకులు పడ్డాయి. ఆ డబ్బు ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. గుమ్మం బయట స్టూలు వేశారు. తెర వెనకనుంచి బీబీగారి గొంతు వచ్చింది, ఇంకా బొంగురుపోయి, కాని గుర్తుపట్టి.

"నువ్వా నాయనా! పెద్ద ఉద్యోగం అయిందటగా. చాలా సంతోషం."

నేను మీతో ఒక మాట చెప్పాలని వచ్చానండీ అన్నాను. ఆ పాత సంగతేనా అని ఆవిడే అందుకుంది. దాని గురించి మనసులో పెట్టుకోవద్దంది.

"నా మతే బాగోలేదు నాయనా అప్పట్లో. నేనే తీసి ఎక్కడో పెట్టి మర్చిపోయుంటాను. నువ్వు గట్టిగా చెప్పబట్టి తెలిసింది. చెప్పకపోతే ఇంట్లో పిల్లనే అనుమానించేదాన్ని. ఎంత పాపం! నీ పుణ్యమా అని అది తప్పింది."

లోపల గాజుల చప్పుడయింది. కోడలు అక్కడే నిలబడి వింటోందని తెలుస్తోంది. బీబీగారు మళ్లీ పని మొదలుపెట్టానంది. కళ్లు సరిగ్గా ఆనడం లేదు, అయినా ఉడకబెట్టడానికి కళ్లక్కర్లేదు కదా అంది. మళ్లీ కూడబెడుతోందట. ఈసారి బ్యాంకులో కాదు, తన మతి మీద తనకే నమ్మకం లేదు కాబట్టి ప్రతి నెలా తీసుకెళ్లి కోడలి చేతికిస్తోందట. ఆ పిల్ల జాగ్రత్తమనిషి, నాలాగ మర్చిపోదు అంది.

నేను చెప్పవలసిన మాట నాలిక చివరన ఉంది. చెప్తే ఆవిడకి మతి తిరిగొస్తుంది, ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఇల్లుంటుంది. అప్పుడు ఇలాగే లెక్క వేసుకున్నాను. ఆవిడ కోసమే ఊరుకుంటున్నానని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. నిజం అది కాదు. నన్ను పట్టుకుని నీ పుణ్యమన్న మనిషి ముందు, అది పుణ్యం కాదని చెప్పే దమ్ము నాకు లేదు. అంతే.

"మంచి పని చేస్తున్నారండీ" అన్నాను.

లేచి నిలబడ్డాక ఆవిడ మళ్లీ పిలిచింది. "నాయనా, మీ చర్చిలో నా కోసం ఒక్క మాట అడుగు. చచ్చేలోపల ఇంకొక్కసారి వంతొస్తే చాలని. ఎవరు అడిగినా వినేవాడు ఒక్కడే కదా."

తప్పకుండా అడుగుతానండీ అన్నాను. ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది ఆవిడ. ఆ నాలుగేళ్లూ నేను బందరులోనే ఉన్నాను, ప్రతి ఆదివారం చర్చికి వెళ్లాను. ఒక్కసారి కూడా అడగలేదు.